ఎనుబదియేడవ వంతు ప్రపంచము

తిరుపతిలో బయలుదేరిన కృష్ణా ఎక్స్‌ప్రెస్ తన ప్రయాణమును చాలించి నిలుచు ఆదిలాబాదు స్టేషను ప్లాట్‌ఫారము మీద నిలబడి, ఒకప్పుడు ఇదే చోటికి ముద్ఖేడు నుండి కిన్వటు మీదుగా వచ్చుచుండిన మీటర్‌గేజి బండిని తలచుకొనునపుడెల్ల, చిన్నదనము అనగా నేమి అను ప్రశ్న నాకు తోచుచుండును. పట్టాల నడిమి యెడము 1,676 మిల్లీమీటర్లకు బదులు 1,000 మిల్లీమీటర్లే యైనంత మాత్రమున అందులో ఎక్కిన మనుష్యుడు చిన్నవాడు కాలేదు, అతని నెత్తిమీది మూట తేలిక కాలేదు, కొలిమిలోని బొగ్గు తక్కువ వేడితో మండలేదు. కొన్ని తగ్గినవి, కొన్ని తగ్గుటకు నిరాకరించినవి. ఉన్న రైలుబండిని ఎనుబదియేడవ వంతునకు దించి, తమ యింటి బల్లమీద పట్టాలు పఱచి, దానిని నడిపించుటయే వినోదముగా పెట్టుకొన్న వారు ప్రపంచములో వేలకొలదిగా ఉన్నారు; వారందఱును మొట్టమొదట ఢీకొనునది ఈ నిరాకరణమునే. వారిలో చర్చి గురువులున్నారు, గుమాస్తాలున్నారు, ఛాయాచిత్రకారులున్నారు, విద్యుత్తంత్రులతో పొద్దు పుచ్చువారున్నారు. పగలు చేయు ఉద్యోగమునకును రాత్రి బల్లమీద తిరుగు బండికిని సంబంధమేమి యని విచారించిన కొలదియు నాకు కనబడిన సంగతి ఒక్కటే: ప్రకృతి యెక్కడ కుంచించుకొనదో అక్కడ మనుష్యుడు ఏదో యొక కపటము పన్నవలసి యుండును, ఆ కపటమును అతడు తన జీవనవృత్తిలో నుండియే తెచ్చుకొనును.

ఈ ఎనుబదియేడు అను విచిత్రసంఖ్య ఎక్కడనుండి వచ్చెనని పాఠకులు అడుగుదురు గాక. నిజమైన బండిలోని ఒక అడుగును నమూనాలో మూడున్నర మిల్లీమీటర్లుగా తీసికొందమని ఐరోపాలోని అభ్యాసకులు నిర్ణయించుకొనిరి, అడుగునకు 304.8 మిల్లీమీటర్లు గనుక భాగించిన 87.1 వచ్చును. అడుగులలో కొలిచి మిల్లీమీటర్లలో కోయుటచేత పుట్టిన సంకరసంఖ్య యది. దానికి హెచ్.ఓ. అని పేరు.

ఇక లెక్కకు వత్తము. నేను ముప్పది యేండ్లు బడిలో లెక్కలు చెప్పి బ్రతికినవాడను గనుక పాఠకులు ఈ యొక్క పుటను ఓర్చుకొనవలెను. ఒక వస్తువు పొడవును 87వ వంతునకు తగ్గించితిమా, దాని ఉపరితలము 87ను 87తో గుణించినన్ని వంతులు, అనగా 7,569వ వంతునకు తగ్గును; ఘనపరిమాణము, దానితోపాటు బరువు, 6,58,503వ వంతునకు పడిపోవును. పొడవు నడచుచుండగా వైశాల్యము పరుగెత్తును, బరువు దూకును అన్నమాట. ఈ సూత్రమును గెలీలియో 1638లో అచ్చయిన తన గ్రంథములో, పెద్ద జంతువు ఎముకలు చిన్న జంతువు ఎముకలకంటె పొడవుతో పోల్చినను మిక్కిలి లావుగా ఉండవలసిన కారణమును చెప్పుటకు వాడుకొనెను. మన ప్రాంతమున కాజీపేట షెడ్డులో చిరకాలము కాపురమున్న డబ్ల్యు.డి.ఎం.2 డీజిలు ఇంజను బరువు 112.8 టన్నులు. దానినే నిష్పత్తి తప్పకుండ చిన్నది చేసినయెడల 171 గ్రాములు తూగవలెను. అనగా ఒక మోస్తరు జామకాయంత. అంత తేలికపాటి ఇంజను పట్టామీద గట్టిగా అదిమి కూర్చొనలేదు, వెనుక పెట్టెలను లాగబోయి చక్రములు జారును. అందుచేత నమూనాలు చేయువారు లోపల సీసపుముక్కలు దాచిపెట్టుదురు. ఇది మొదటి కపటము.

రెండవది యింకను చమత్కారమైనది. గంటకు 87 కిలోమీటర్ల వేగముతో పోవుచున్న నిజమైన బండి, బ్రేకు వేసిన పిమ్మట ఏడువందల మీటర్లు పోయి ఆగినదనుకొందము. నమూనాబండి వేగము గంటకు ఒక కిలోమీటరు. సెకనుకు 28 సెంటీమీటర్లు. దానికిని బరువుతో పోల్చిన అంతే బలము గల బ్రేకు వేసితిమా, ఆగవలసిన దూరము 87వ వంతు కాదు, 7,569వ వంతు. కారణమేమనగా, ఆగు దూరము వేగవర్గము ననుసరించి తగ్గును. ఏడువందల మీటర్లు చివరకు తొమ్మిది సెంటీమీటర్లగును. కంటికి కనబడునది బండి ఆగుట కాదు, గోడకు తగిలి నిలిచిపోవుట. ఆ చిన్న బండిలోని గమనశక్తిని లెక్కకట్టిన, నిజమైన బండిలోని శక్తిలో 498 కోట్లవ వంతు మాత్రమే యగును. ఊపు అనునది చిన్న ప్రపంచములో లేదు. దానిని కొని తేవలయును: మోటారు ఇరుసునకు ఇత్తడి చక్రమొకటి బిగించి దానిని గిరగిర త్రిప్పి, కరెంటు ఆగినను కొంతసేపు తిరుగుచుండునట్లు చేయుదురు; కుమ్మరి సారెను కఱ్ఱతో ఒకమారు త్రిప్పివదలి కుండ ముగియువఱకు ఆ తిరుగుడు మీదనే పని జరుపుకొనుటయు ఇదే యుక్తి.

మూడవ చిక్కు స్థలమునకు సంబంధించినది. మన బ్రాడ్‌గేజి దారులలో అనుమతించు మిక్కిలి బిగువైన వంపునకు వ్యాసార్ధము సుమారు 175 మీటర్లు. బల్లమీద అది రెండు మీటర్లు. అనగా ఒక వలయము తిరిగి రావలెనన్న నాలుగు మీటర్ల వెడల్పు గది కావలెను. అంత గది ఎవరికున్నది? అంగడిలో దొరకు సిద్ధపు వంపుపట్టా వ్యాసార్ధము సుమారు 46 సెంటీమీటర్లు. నిజమైన కొలతలలో అది నలుబది మీటర్లు. ఏ ఇంజనీరును అటువంటి వంపులో రైలు పోనిచ్చు కాగితముపై సంతకము పెట్టడు. కావున ఆ వంపును కొండ క్రిందనో సొరంగములోనో దాచుదురు. బల్లమీది రైలుదారులకు కొండలు అంత విస్తారముగా ఉండుటకు కారణము ప్రకృతిప్రేమ యని భ్రమపడరాదు.

ఈ విధముగా చిన్న రైలు ప్రతి మలుపులోను ఒక లోపమును చూపి, దానిని పూరించు నేర్పరిని పిలుచుచుండును. వచ్చినవారెవరో చూతము.

లివర్‌పూలు పట్టణములో మాంసము దిగుమతి చేయు వర్తకుని వద్ద లెక్కలు వ్రాయు ఫ్రాంక్ హార్న్‌బీ అను గుమాస్తా ఇంజనీరు కాదు, యంత్రశాలలో పని నేర్చినవాడు కాదు. కుమారులకు ఆటవస్తువులు చేసిపెట్టబోయి, ఒక బొమ్మకు కోసిన ముక్క మఱియొక బొమ్మకు పనికిరాకుండుట చూచి విసిగి, రేకుపట్టీలన్నిటికిని సరిగా అర అంగుళము ఎడములో రంధ్రములు తొలిచి, ఏ ముక్కనైనను ఏ ముక్కకైనను మరచీలతో బిగింపవచ్చునట్లు చేసి, 1901లో దానికి పేటెంటు పొందెను. అదియే తరువాత మెకానో అను పేరుతో లోకమంతట వ్యాపించినది. 1920లో అతని కార్ఖానా నుండి తాళముతో నడచు రైలుబండ్లు వెలువడినవి. చదువరులు దీనిని యాంత్రికప్రతిభ యందురు. నాకు మాత్రము ఇందులో గుమాస్తా కనబడుచున్నాడు: గీతలు సమానముగా గీసిన చిట్టాపుస్తకములో ఏ పద్దునైనను ఏ వరుసలోనికైనను మార్చి వ్రాయుటకు అలవాటుపడిన చేయియే, ఇనుపపట్టీమీద సమానముగా రంధ్రములు తొలిచినది. ఆ పట్టీలకు తరువాత పట్టిన యోగము వేఱు. 1934లో మాంచెస్టరు విశ్వవిద్యాలయమున హార్ట్రీ, పోర్టరు అను నిరువురు ఆ యాటముక్కలతోనే అవకలన సమీకరణములను సాధించు గణనయంత్రమును నిర్మించిరి.

కాలిఫోర్నియాలోని మాంటెరే పట్టణమున జాన్ ఆలెన్ అను ఛాయాచిత్రకారుడుండెడివాడు. అతడు తన యింటి నేలమాళిగలో కొండలు, లోయలు, వంతెనలు గల రైలుదారి నొకటి కట్టెను. ఆ దారిలో అతనికి తోడ్పడినది కెమేరా నేర్పిన విద్య. దూరముగా కనబడవలసిన ఇండ్లను వెనుకకు పోయిన కొలదియు మఱింత చిన్నవిగా కట్టుట, గోడ నానుకొని అద్దమును నిలిపి వీధిని రెట్టింపు పొడవు గలదానిగా చూపుట, నీడల నడుమ దీపముంచి కన్నును మోసగించుట అతని యుక్తులు. చూచువాని కన్ను ఎక్కడ నిలుచునో ఎఱిగిన వానికి స్థలాభావము ఒక లెక్క కాదు. అతడు 1973 జనవరిలో మరణించెను. కొలది దినములలోనే ఆ యిల్లు అగ్నికి ఆహుతియై, ఆ దారియు నశించెను. నేడు మనకు మిగిలినవి ఆయన తీసిన ఛాయాచిత్రములే యగుట చూడగా, వృత్తి వినోదమును రక్షించినదని చెప్పవలసి యున్నది.

చర్చి గురువుల సంగతి వేఱు. ఇంగ్లండులో రైలునమూనాల చరిత్ర చదువువానికి అడుగడుగునను ఒక పాదిరి తటస్థపడును. 1940 దశకమున తట్టు సోకి మంచము పట్టిన కుమారునకు ఇంజనుల కథలు చెప్పి, పిదప వానిని 1945 నుండి పుస్తకములుగా ప్రకటించి, థామస్ అను నీలి ఇంజనును పసిపిల్లలందఱికి చుట్టముగా చేసిన ఆడ్రీ మతగురువే. అతడు కుమారునకు మొదటి థామస్‌ను చేసియిచ్చినది చీపురుకఱ్ఱ ముక్కతో. అతని తండ్రియు గురువే, ఆయనయు రైళ్ళ పిచ్చివాడే. పీటర్ డెన్నీ అను మఱియొక గురువు బకింగ్‌హాం అను పేర కట్టిన దారి మఱియు విశేషము. దానికి రెండు కొసలలో ఇద్దఱు మనుష్యులు కూర్చుండి, నిజమైన కేబినులలో వలెనే గంటలు మ్రోగించి ఒకరి నొకరు అడిగి, అనుమతి పొందిన పిమ్మటనే బండిని పంపవలెను. రెండవ కొసను చూచు కుమారుడు క్రిస్పిన్ పెరిగి యిల్లు విడిచిన తరువాత, తండ్రి ఆ కొసలో ఒక యంత్రమును కూర్చుండబెట్టెను. వచ్చిన గంటకు బదులు గంట మ్రోగించి, కాలక్రమపట్టిక ప్రకారము దారి మార్చి బండిని తిప్పి పంపునది. దానికి పెట్టిన పేరు 'ఆటోమేటిక్ క్రిస్పిన్'! గురువులు ఈ వినోదమునకు ఇంతగా మరగుటకు కారణమేమో నేను రూఢిగా చెప్పజాలను గాని, నాకు తోచునది ఒకటి కలదు. నియతవేళకు గంట కొట్టుట, పిలుపునకు బదులు పలుకుట, ఏ తిథినాడు ఏ క్రమము నడపవలెనో పట్టిక చూచి తప్పక నడపుట వారి దినచర్య. మన గుళ్ళలోని అర్చకస్వాములకు ఎవరైన బల్లయు పట్టాలును ఇచ్చి చూచియుండిన ఫలితము వేఱుగా ఉండెడిదని నేననుకొనను.

ఇంతవఱకు వృత్తి వినోదములోనికి ప్రవహించుట చూచితిమి. ప్రవాహము వెనుకకు మఱలిన ఉదంతము కూడ నొకటి కలదు. ఈ విషయమంతటిలో నాకు మిక్కిలి ఆశ్చర్యము గొలుపునది అదియే. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో 1946లో విద్యార్థులు రైలునమూనాల సంఘము నొకదానిని స్థాపించిరి. వారిలో కొందఱికి బల్లపైని కొండలు, ఇండ్లు ప్రీతి. మఱికొందఱికి బల్లక్రింది తీగెలు ప్రీతి. ఆ రెండవ జట్టువారు టెలిఫోను కంపెనీ విరాళముగా నిచ్చిన రిలేలను తెచ్చి, అనేకులు అనేక బండ్లను ఒక్కమారే నడుపుటకు వీలగు మహాజాలము నొకదానిని అల్లిరి. రిలే యనగా విద్యుదయస్కాంతముచేత మూసుకొను చిన్న మీట. ఒక తీగెలో ప్రవాహమున్నదా లేదా యను దానిని బట్టి మఱియొక తీగెలో ప్రవాహమును పోనిచ్చును, లేక ఆపును. 'ఉన్నది, లేదు' అను ఈ రెండు పలుకులతో తర్కశాస్త్రమంతయు నడపవచ్చునని అదే సంస్థలో విద్యార్థిగా నున్న క్లాడ్ షానన్ 1937లో నిరూపించి యుండెను. 'ఈ పాయింటు ఇటు తిరిగియున్నయెడల, ఆ దారి ఖాళీగా ఉన్నయెడల, అప్పుడే ఈ సిగ్నలు దిగవలెను' అనునది కేబినులో పని. అక్షరాల అదియే గణనయంత్రములోను పని. బల్లక్రింద ప్రాకి ఈ వాక్యములను తీగెలతో వ్రాసిన కుఱ్ఱవాండ్రు, కంప్యూటరు సంస్థలోనికి వచ్చిన పిమ్మట రాత్రులు దాని యెదుటనే మకాము పెట్టిరి. 1962లో వారిలోని స్టీవ్ రస్సెల్ 'స్పేస్‌వార్' అను ఆటను వ్రాసెను. ఆడుటకు కావలసిన మీటలపెట్టెలను రైలుసంఘములో దొరకిన పాతసామానుతోనే చేసికొనిరి. నేడు పత్రికలలో దొంగల పేరుగా వినబడు 'హ్యాకర్' అను మాట ఆ సంఘపు వాడుకలో నేర్పరితనపు పొగడ్తగా చలామణి యయ్యెను. అటువంటి వారిలో పెక్కుమందికి వినోదమే తరువాత జీవనోపాధి యైనది.

ఆ ఋణమును కంప్యూటరు వడ్డీతో తీర్చినది. పూర్వము రెండు పట్టాలలో పన్నెండు వోల్టుల ఏకదిశాప్రవాహము నుంచి, వోల్టులు పెంచిన బండి వేగముగా, తగ్గించిన మెల్లగా నడచునట్లు చేసెడివారు. ఒకే పట్టామీద రెండు ఇంజనులుండిన రెండును ఒకేమారు కదలెడివి. అమెరికా నమూనారైళ్ళ సంఘము 1990 దశకమున ప్రమాణముగా స్వీకరించిన అంకాత్మక పద్ధతిలో, పట్టాలలోని విద్యుత్తే సందేశమును మోయును. విద్యుద్దిశ అటునిటు తిరుగుచుండగా, ఒక్కొక్క సగము 58 మైక్రోసెకనులు నిలిచిన అది 'ఒకటి', దాదాపు 100 గాని అంతకు మించి గాని నిలిచిన అది 'సున్న'. ప్రతి ఇంజనులోను తన సంఖ్య నెఱిగిన చిన్న చిప్పు ఉండును. తన పేర పిలుపు వచ్చినపుడే అది కదలును. బ్రేకు వేసిన వెంటనే ఆగక మెల్లమెల్లగా నిలిచి, లేని ఊపును ఉన్నట్లు నటించుమని కూడ దానికి నేర్పవచ్చును. ఇత్తడిచక్రము చేసిన పనిని ఇప్పుడు లెక్క చేయుచున్నది.

సమాజశాస్త్రజ్ఞులు ఈ సంబంధమునకు రెండు పేర్లు పెట్టినారు. హెరాల్డ్ విలెన్‌స్కీ 1960లో చెప్పినదాని ప్రకారము, పనిలోని అలవాట్లు తీరికలోనికి పొంగిపొరలుట యొకటి. పనిలో కరవైనదానిని తీరికలో వెదకికొనుట రెండవది. గుమాస్తా హార్న్‌బీ మొదటి తెగ. బాల్యమున రైలుపెట్టెలలో పత్రికలమ్మిన వాల్ట్ డిస్నీ, చిత్రశాలాధిపతియై పనిభారముతో నలిగిన పిమ్మట, 1950లో తన యింటి వెనుక తోటలో ఎనిమిదవ వంతు కొలత గల ఆవిరిబండిని తానే ఎక్కి నడుపుట రెండవ తెగకు చక్కని దృష్టాంతము. ఇటీవల, 2020లో ప్రకటితమైన షెఫీల్డు విశ్వవిద్యాలయపు పరిశోధన ఒకటి ఈ వివాదమునకు కొత్త మెలిక వేసినది. వారు ఉద్యోగస్థులను నెలల తరబడి గమనించి తెలిసికొనినదేమనగా, వినోదమును పట్టుదలతో సాగించువారికి అది ఉద్యోగమునకు భిన్నమైనదైనచో, దానికి ఎక్కువ సమయము వెచ్చించిన నెలలలో, పనియందు తమ మీద తమకు నమ్మకము పెరుగుచున్నది. పట్టుదలయు ఉండి ఉద్యోగమును పోలియు ఉన్నయెడల, ఆ నమ్మకము తగ్గుచున్నది. పోలిక ఉన్నచోట పట్టుదల తక్కువగా నుండుట మేలు. పగలంతయు లెక్కలు చెప్పి, సాయంత్రము లెక్కలే చిక్కుముడులుగా విప్పుకొనుచు కూర్చున్న కాలములో నేనెందుకు చిరాకుపడుచుంటినో ఇప్పటికి తెలిసినది.

ఐతే మా నిర్మల్ నకాషీ కళాకారుని ఏ తెగలో చేర్పవలయును? బొమ్మ చేయుటయే అతని పగటి ఉద్యోగము. అతడు తెల్లపొణికి కఱ్ఱను ఏరుకొనుట ఊరక కాదు. కొలత తగ్గినను తగ్గనివాటిలో కఱ్ఱ ఈనె యొకటి. టేకుతో చిన్నబొమ్మ చేసిన ఆ ఈనెలు చిన్న ప్రపంచములో దున్నినచాళ్ళవలె కనబడును. పొణికి మెత్తనిది, తేలికైనది. చాకు చెప్పినట్లు వినును. దానిపై చింతగింజల జిగురులో రంపపుపొట్టు కలిపిన ముద్దను పూసి అతుకులు కప్పి, నున్నగా రుద్ది, తెల్లపూత వేసి, ఆపైన రంగు తీర్చునప్పటికి, అది కఱ్ఱ యను సంగతి కన్ను మఱచిపోవును. పండ్లను చేసిన పండ్లు, పిట్టలను చేసిన పిట్టలు. పాశ్చాత్యులు ప్రయోగములతో కనుగొన్న కపటములలో ఒకటి ఈ పట్టణమున కులవిద్యగా తరతరములనుండి వచ్చుచున్నది. 1955లో ఏర్పడిన సహకారసంఘపు పంచలో కూర్చుండి దినమంతయు బొమ్మలు చేయువానికి వినోదముగా మఱియొక బొమ్మను చేయుమని చెప్పుట అన్యాయము. అతనిని సాయంకాలము చెఱువుగట్టునకు పోనిండు. చేసినదానికి తగిన వెల యిచ్చుటయే మనము చేయదగిన పని.

మన దేశమున చిన్నరైలు రాజుల భోజనశాలలో ఒకప్పుడు తిరిగెను. గ్వాలియరు జయవిలాస మందిరములో వెండిరైలు భోజనపుబల్లమీద చుట్టివచ్చి అతిథులకు సీసాలు అందించెడిది. పెట్టెలోని సీసాను ఎత్తిన వెంటనే ప్రవాహము తెగి బండి ఆగును, తిరిగి పెట్టిన కదలును. ఆ వైభవము నేడు సామాన్యులకును అందినది. పుణెలోని కొత్రూడులో 1998లో తెఱచిన జోషి లఘురైల్వే ప్రదర్శనశాలకు పోయి ఎవరైనను చూడవచ్చును.

నా బల్ల సంగతి చెప్పి ముగించెదను. ఎనిమిదడుగుల పలక మీద మీటర్‌గేజి నాటి ఆదిలాబాదు స్టేషనును నిలుపవలెనని నా కోరిక. ఇందులో ఒక అదృష్టము కలదు. బ్రాడ్‌గేజికి 87వ వంతు 19.3 మిల్లీమీటర్లు; అటువంటి పట్టా అంగడిలో లేదు గనుక మన దేశపు బ్రాడ్‌గేజి ఇంజనులు నమూనాలలో 16.5 మిల్లీమీటర్ల విదేశపు పట్టామీద కాళ్ళు దగ్గఱకు ముడుచుకొని నిలబడుచుండును. మీటర్‌గేజికి 87వ వంతు పదకొండున్నర మిల్లీమీటర్లు. సిద్ధముగా దొరకునది పండ్రెండు. మా పాతదారి దాదాపు సరిపోవుచున్నది! తీగెల పని నాకు చేతకాదు గనుక పొరుగింటి ఎలక్ట్రీషియను ఆదివారములు వచ్చి పోవుచున్నాడు. స్టేషను గోడలకు పొణికి తెప్పించితిని. నా వంతుకు మిగిలినది లెక్క. ప్లాట్‌ఫారము మీద పత్తిబేళ్ళు లేక ఆదిలాబాదు ఆదిలాబాదు కాదు కదా. ఇప్పటి బేలు 170 కిలోలు, 6,58,503తో భాగించితిని. పావు గ్రాము వచ్చినది. కూర్చిన బేళ్ళను జిగురుతో అతికింపక ముందే ఎలక్ట్రీషియను ప్రక్కనుండి వంగి చూచి 'ఎంత బాగున్నవి సార్' అనెను. ఆ మాటతో వచ్చిన గాలికి నాలుగు బేళ్ళు పట్టాల మీదికి దొర్లిపోయినవి.